చెరువు పక్క ప్లాటు: ఎన్‌ఓసీ చూసేది దూరం, వరద చూసేది మట్టం

ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాద్ శివారులో 35 ఎకరాల చెరువు, దాని పై ఒడ్డున లేఅవుట్, అందులో 267 గజాల ప్లాటు. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) రాళ్ళకు 45 మీటర్ల దూరంలో ఉంది. అమ్మేవాళ్ళు నీటిపారుదల శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) జిరాక్స్ చూపిస్తున్నారు. కొనొచ్చా, ఇంటికి అనుమతి వస్తుందా, వానలకు నీళ్ళొస్తాయా?

కాగితాలు నిజమైతే అనుమతి రావచ్చు. అనుమతి వచ్చిన ఇంట్లోకే నీళ్ళూ రావచ్చు. ఈ రెంటినీ ఒకే ప్రశ్నగా చూడటం వల్లే చాలామంది మోసపోతున్నారు కాబట్టి విడివిడిగా చెబుతాను.

ముందు అనుమతి సంగతి. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168, అంటే భవన నిర్మాణ నియమాలు, దీనికి ఆధారం. చెరువు, కుంట, శిఖం (చెరువు గర్భం) భూముల ఎఫ్‌టీఎల్ లోపల ఏ కట్టడమూ పనికిరాదు. ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి బయటికి, 10 హెక్టార్లు లేదా అంతకు మించిన చెరువైతే 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్ వదలాలి. వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే దాని హద్దు నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల లోపైతే 2 మీటర్లు. మీ చెరువు 35 ఎకరాలంటే 14 హెక్టార్ల పైమాటే, కాబట్టి 30 మీటర్లు వర్తిస్తుంది. మీరు 45 మీటర్ల దూరంలో ఉన్నారు. నియమం ప్రకారం సరిపోయింది.

ఇక్కడ జరిగే ఒక మాయ గురించి చెప్పాలి. 10 హెక్టార్లంటే 24 ఎకరాల 28 గుంటలు. 26, 27 ఎకరాల చెరువును 24 ఎకరాలుగా చూపించగలిగితే బఫర్ 30 నుంచి 9 మీటర్లకు పడిపోతుంది, ఒక వరస ప్లాట్లు అదనంగా వచ్చేస్తాయి. మే నెలలో నీళ్ళు తగ్గినప్పుడు తీసిన ఉపగ్రహ చిత్రాన్ని ముందుపెట్టి "చెరువు ఇంతే" అంటారు. విస్తీర్ణం లెక్కపెట్టాల్సింది చెరువు నిండినప్పటి హద్దు లోపల, కంటికి కనిపించే నీటిని బట్టి కాదు. చెరువు సైజు 20, 30 ఎకరాల మధ్య ఉంటే ఈ అనుమానంతోనే మొదలుపెట్టండి.

ఇప్పుడు అసలు విషయం. ఎఫ్‌టీఎల్ అంటే వరద గీత కాదు. అలుగు, అంటే చెరువు నిండితే నీరు బయటికి పొర్లే చోటు, దాని పై అంచు ఏ మట్టంలో ఉందో అదే ఎఫ్‌టీఎల్. నీళ్ళు అక్కడిదాకా వస్తే చెరువు నిండినట్టు. కానీ అలుగు దూకాలంటే నీరు ఆ అంచు మీదికి ఇంకా లేవాలి కదా. ఎంత ఎక్కువ వరద దూకాలో అంత ఎక్కువ లేవాలి. అలా లేచిన గరిష్ఠ నీటిమట్టాన్ని ఇంజినీర్లు ఎండబ్ల్యూఎల్ అంటారు. బఫర్ లెక్క మొత్తం ఎఫ్‌టీఎల్ గీత నుంచి అడ్డంగా కొలిచే దూరం. నీరు మాత్రం నిలువుగా లేస్తుంది. 30 మీటర్లు, 45 మీటర్లు అన్నవి నేల వాలు తెలియకుండా ఏమీ చెప్పవు.

లెక్క వేసి చూద్దాం. మీ చెరువులోకి నీరు వచ్చే పరీవాహకం 400 హెక్టార్లు, అంటే దాదాపు వెయ్యి ఎకరాలు అనుకోండి. గంటకు 30 మి.మీ. చొప్పున అయిదు గంటలు వాన పడింది. మొత్తం 15 సెం.మీ.; 2020 అక్టోబర్ 13న నగరంలో పడ్డదానికన్నా ఇది తక్కువే. వరద ప్రవాహానికి లెక్క సులువు: పారుదల గుణకాన్ని (పడ్డ వానలో ఇంకకుండా పారే వంతు), గంటకు పడే వానను మి.మీ.లో, విస్తీర్ణాన్ని హెక్టార్లలో తీసుకుని మూడింటినీ గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. పైన పొలాలూ బీళ్ళూ ఉన్న రోజుల్లో గుణకం 0.3 అనుకుంటే 10 ఘనపు మీటర్లు, అంటే 350 క్యూసెక్కులు. అదే నేల మీద సిమెంటు రోడ్లు, స్లాబులు వచ్చి గుణకం 0.8 అయితే 26.7 ఘనపు మీటర్లు, దాదాపు 940 క్యూసెక్కులు. వాన మారలేదు, చెరువు మారలేదు.

ఈ నీరు 20 మీటర్ల పొడవున్న అలుగు మీంచి దూకాలి. వెడల్పాటి అలుగుకు ప్రవాహం సుమారుగా 1.7 ఇంటూ అలుగు పొడవు ఇంటూ నీటి ఎత్తుకు ఒకటిన్నర ఘాతం. దాని ప్రకారం మొదటి సందర్భంలో అలుగు మీద 44 సెం.మీ. నీరు నిలవాలి, రెండో దాంట్లో 85 సెం.మీ. ఇక ఎవరో అలుగులో సగం మూసి షెడ్డు వేశారనుకోండి, పొడవు 10 మీటర్లకు తగ్గితే అదే వరదకు 1.35 మీటర్లు. చెరువు కొంత వరదను తనలో ఆపుకుంటుంది కాబట్టి గంటసేపు కురిసి ఆగే వానకు ఇంత లేవదు. అయిదు గంటలు ఆగకుండా పడితే, అప్పటికే చెరువు నిండి ఉంటే, ఈ అంకెల దగ్గరికే వస్తుంది.

పై ఒడ్డున నేల తరచుగా చదునుగా ఉంటుంది, 200 మీటర్లకు ఒక మీటరు వాలు అనుకుందాం. అప్పుడు 30 మీటర్ల బఫర్ అంటే ఎత్తులో కేవలం 15 సెం.మీ., ఒక జానెడు కూడా కాదు. 45 మీటర్ల దూరంలో ఉన్న మీ ప్లాటు ఎఫ్‌టీఎల్ కన్నా 22 సెం.మీ. పైన ఉంటుంది. నీరు 85 సెం.మీ. లేస్తే మీ నేల మీద 60 సెం.మీ. పైగా నిలుస్తుంది, 1.35 మీటర్లు లేస్తే నడుము దాటుతుంది. అన్ని అనుమతులూ చేతిలో ఉండగానే. అదే వాలు 50కి ఒకటైతే మీ ప్లాటు 90 సెం.మీ. పైన ఉంటుంది, అలుగు సక్రమంగా ఉన్నంతవరకు బయటపడతారు. కాబట్టి ప్లాటు మంచిదా కాదా అనేది ఎన్‌ఓసీ తేల్చదు, ఎత్తుల తేడా కొలిచే లెవెల్ మిషన్ తేలుస్తుంది.

లెవెల్స్ ఎలా తీయించాలో చెబుతాను. ఫోన్‌లో కనిపించే ఎత్తును నమ్మొద్దు. జీపీఎస్ ఇచ్చే ఎత్తుకూ సముద్రమట్టం నుంచి లెక్కించే ఎత్తుకూ మన ప్రాంతంలో పదుల మీటర్ల తేడా ఉంటుంది. ఉపగ్రహ పటాల మీది ఎత్తుల్లోనూ మీటర్ల కొద్దీ తప్పు రావచ్చు. మనకు కావలసింది సెంటీమీటర్లు. ఆటో లెవెల్ ఉన్న సర్వేయర్‌ని పెట్టుకుని అలుగు పై అంచునే సున్నాగా తీసుకోమనండి. సముద్రమట్టం అంకె తెలియకపోయినా ఫర్వాలేదు, అలుగుకూ మీ నేలకూ తేడా తెలిస్తే చాలు. అక్కడి నుంచి కట్ట వెంబడి మీ ప్లాటు దాకా వచ్చి, నాలుగు మూలలు, ముందు రోడ్డు మధ్య, మురుగు కాలువ అడుగు, ఇవన్నీ రాసుకుని తిరిగి అలుగు దగ్గరికే వెళ్ళి ముగించాలి. కిలోమీటరు దూరానికి మొదటి, చివరి రీడింగుల తేడా రెండు సెంటీమీటర్లు దాటితే మళ్ళీ తీయించండి. అలుగు పొడవు, కట్టలో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటు మట్టం కూడా అడగండి. ఫీల్డ్ బుక్ పేజీల ఫోటోలు మీ దగ్గర పెట్టుకోండి, ఫైనల్ డ్రాయింగ్ ఒక్కటే సరిపోదు.

అలుగు దగ్గరికి వెళ్ళినప్పుడు ఊరికే తిరిగి రావద్దు. అంచు పగలగొట్టి పైపు వేశారా? అలా చేస్తే చెరువు ఎప్పుడూ నిండదు, పాత ఎఫ్‌టీఎల్ హద్దు పొడిగా కనిపిస్తుంది, "ఇక్కడిదాకా నీళ్ళెప్పుడూ రాలేదు" అన్న మాట నిజమే అనిపిస్తుంది. రేపు ఎవరైనా అలుగును మరమ్మతు చేస్తే నీరు తన చోటికి తాను వస్తుంది. ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైనది కూడా చూస్తాం: అలుగు మీద ఇసుక బస్తాలో, గోడో కట్టి ఎత్తు పెంచడం. రెండు సందర్భాల్లోనూ రికార్డులో ఉన్న మట్టం ఒకటి, నేల మీద ఉన్నది ఇంకొకటి.

అలుగు దాటిన నీరు ఎటు పోతుందో కూడా అర కిలోమీటరు నడిచి చూడండి. ఇవి గొలుసుకట్టు చెరువులు, ఒకదాని అలుగు నీరు కింది చెరువుకు చేరాలి. మధ్యలో లేఅవుట్ రోడ్డు వేసి, నాలాకు మీటరు వ్యాసం పైపులు రెండు పెట్టి మట్టి కప్పేయడం మామూలైపోయింది. మీటరు వ్యాసం ఉన్న సిమెంటు పైపు 300కి ఒకటి వాలులో నిండుగా పారితే 50 క్యూసెక్కుల లోపే మోస్తుంది. పైన లెక్కలో వచ్చిన 940 క్యూసెక్కులకు అలాంటివి పందొమ్మిది కావాలి. రెండే ఉంటే మిగతా నీరు వెనక్కి ఎగదన్నుతుంది, అలుగు పని చెయ్యదు, చెరువు మట్టం మన లెక్కను దాటిపోతుంది. పైపుల ముందు ప్లాస్టిక్ కవర్లు, చెట్ల కొమ్మలు పేరుకోవడం లెక్కలోకి తీసుకోలేదు.

మరొకటి జనం పట్టించుకోనిది: ఎండాకాలంలో చెరువు నిండుగా ఉంటే సంబరపడకండి. నగరం చుట్టూ చాలా చెరువుల్లోకి ఏడాది పొడవునా మురుగు వస్తోంది. పూర్వం మే నాటికి చెరువు ఎండిపోయి తొలకరి వానలన్నీ దానిలో పట్టేవి. ఇప్పుడు జూన్ నాటికే అలుగు అంచున ఉంటే మొదటి పెద్ద వానే వరద.

కట్ట కింది వైపు ప్లాట్లు చూసేవాళ్ళకు ఒక మాట. అక్కడ ఎఫ్‌టీఎల్ గొడవ ఉండదు కాబట్టి ఎన్‌ఓసీ తేలిగ్గా వస్తుంది, "మనం చెరువు అవతల ఉన్నాం" అన్న ధైర్యం ఉంటుంది. 2020 అక్టోబర్‌లో పాతబస్తీ వైపు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగినప్పుడు మునిగిన కాలనీలు కట్ట దిగువన ఉన్నవే. మట్టి కట్ట మీంచి నీరు పొర్లడం మొదలైతే దాన్ని ఆపడం కష్టం, కోసుకుంటూ పోతుంది. అందుకే కట్టలో పల్లపు చోటు మట్టం అడగమన్నాను. గరిష్ఠ వరద మట్టానికీ ఆ చోటుకీ మధ్య మీటరు తేడా కూడా లేకపోతే కట్ట కింద స్థలం నేనైతే కొనమని చెప్పను.

ఇక కాగితాలు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో ప్రతి చెరువుకూ ఒక ఐడీ నంబరు ఉంటుంది. దాని కింద ఎఫ్‌టీఎల్ పటం, ఏయే సర్వే నంబర్లు ఎఫ్‌టీఎల్‌లో పడుతున్నాయో చూపే కెడాస్ట్రల్ పటం పెడతారు. మీ సర్వే నంబరు ఆ పటంలో కనిపిస్తే, మీ ప్లాటు అందులో ఏ మూలన ఉందో గ్రామ నక్షతో కలిపి చూడాలి. ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా అన్నది తప్పక గమనించండి. ప్రాథమికం తర్వాత అభ్యంతరాలు తీసుకుంటారు, హద్దు జరగొచ్చు, మీ వైపుకు కూడా జరగొచ్చు. ఒడ్డున ఉన్న రాళ్ళు ఏ నోటిఫికేషన్ ప్రకారం పాతారో తెలియకుండా వాటి నుంచి టేపు పట్టి కొలవడం వృథా. రాళ్ళు రాత్రికి రాత్రి నడుస్తాయని ఊళ్ళో జోకు ఉంటుంది, పూర్తిగా జోకు కాదు.

రెవెన్యూ వైపు ఖాస్రా పహాణీ, సేత్వార్, పాత పహాణీలు, అంటే పాత భూమి రికార్డులు తీసి ఆ సర్వే నంబరు పక్కన శిఖం, తలాబ్, కుంట, నాలా లాంటి మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూములది) కూడా. శిఖం పట్టా అంటూ కొందరు అమ్ముతారు. పట్టా నిజమే కావచ్చు, కానీ ఎఫ్‌టీఎల్ లోపలి పట్టాదారుకు నీళ్ళు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కే, ఇల్లు కట్టే హక్కు కాదు. రిజిస్ట్రేషన్, పంచాయతీ అనుమతి, కరెంటు మీటరు, ఇంటిపన్ను రసీదు, ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) ఫీజు కట్టిన చలానా, ఇవేవీ ఆ లోపాన్ని కడగవు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే సంస్థ హైడ్రా వచ్చాక ఔటర్ రింగ్ రోడ్డు లోపల ఈ సంగతి అందరికీ తెలిసొచ్చింది.

ఎన్‌ఓసీ చేతికొస్తే పై పేజీ చూసి వదిలెయ్యకండి. ఏ సర్వే నంబరుకు, ఏ బై నంబరుకు, ఎన్ని ఎకరాల ఎన్ని గుంటలకు ఇచ్చారు? లేఅవుట్ విస్తీర్ణం అంతకన్నా ఎక్కువుంటే మిగిలిన భూమికి ఎన్‌ఓసీ లేనట్టే, మీ ప్లాటు ఆ మిగిలిన దాంట్లో ఉండొచ్చు. వెనక స్కెచ్ జతచేసి సంతకం చేశారా? షరతులేమిటి? నాలా వెడల్పు తగ్గించకూడదనో, బఫర్‌ను పచ్చదనంగా వదలాలనో రాస్తారు. ఆ షరతు తప్పితే కాగితానికి బలం పోతుంది, తప్పింది లేఅవుట్ యజమాని అయినా నష్టం మీది. అసలు కాపీ ఆఫీసు నుంచే సమాచార హక్కు దరఖాస్తుతో తెప్పించుకోండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. అడిగేటప్పుడు "ఎన్‌ఓసీ కాపీ ఇవ్వండి" అని ఆగిపోకుండా చెరువు ఎఫ్‌టీఎల్, ఎండబ్ల్యూఎల్ మట్టాలు, అలుగు పొడవు, పరీవాహక విస్తీర్ణం కూడా అడగండి. పై లెక్కలో నేను ఊహించుకున్న అంకెల స్థానంలో మీ చెరువు అసలు అంకెలు వేసుకోవచ్చు.

ఇంటి అనుమతి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఒక్క హెచ్చరిక తప్ప. 267 గజాలంటే 223 చదరపు మీటర్లు. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్ళకు భవన అనుమతుల చట్టమైన టీఎస్ బీపాస్ స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి తెచ్చింది. వెంటనే వచ్చింది కదా అని ఎవరో వచ్చి చూసి ఇచ్చారనుకోకండి. స్థలం చెరువులో, బఫర్‌లో లేదని సంతకం పెట్టింది మీరే. అది తప్పని తేలితే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా అదే చట్టంలో ఉంది. ఇక మీ చెరువు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహకంలోని 84 గ్రామాల్లో ఉంటే అక్కడ కట్టడాలపై ఆంక్షలు పెట్టిన 1996 నాటి జీవో 111 కథ వేరు, ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 2022లో జీవో 69 వచ్చినా సరే, ఆ గ్రామానికి ఇవాళ ఏ నియమం అమల్లో ఉందో హెచ్‌ఎండీఏలో రాతపూర్వకంగా తెలుసుకోకుండా అడుగు వెయ్యొద్దు.

స్థలం దగ్గర ఒక గొయ్యి తీయించండి, మీటరున్నర లోతు చాలు. పైన ఎర్ర మొరం, దాని కింద నల్లటి ఒండ్రు, అందులో నత్తగుల్లలు కనిపిస్తే ఒకప్పుడు అక్కడ నీళ్ళు నిలిచేవన్నమాట, రికార్డు ఏం చెప్పినా సరే. ఖాళీ ప్లాట్లలో తుంగ, తూటికాడ పెరుగుతున్నాయా, చుట్టుపక్కల ప్రహరీల మీద ఒకే ఎత్తులో బురద చార ఉందా చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె కొత్తగా ఎత్తు పెంచి కట్టారా? విద్యుత్ సిబ్బందికి నీళ్ళు ఎందాకా వస్తాయో బాగా తెలుసు.

అన్నీ చూసుకుని కొంటే, ఇల్లు కట్టేటప్పుడు గచ్చు మట్టం గరిష్ఠ వరద మట్టానికి కనీసం 60 సెం.మీ. పైన పెట్టుకోండి. రోడ్డు మట్టం నుంచి కొలిచే అలవాటు ఇక్కడ పనికిరాదు. సెల్లార్ ఆలోచన మానుకోండి. మీటర్ బోర్డు, మోటార్ స్టార్టర్, ఇన్వర్టర్ మొదటి అంతస్తు మెట్ల దగ్గరకు ఎక్కించండి. మురుగు పైపు బయటికి వెళ్ళేచోట నీరు వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి; నీళ్ళు గుమ్మంలోంచి రావడానికి ముందే మరుగుదొడ్డిలోంచి వస్తాయి. ప్లాటు మొత్తం మట్టి పోసి ఎత్తడం కన్నా ఇంటి వరకు స్తంభాల మీద లేపి కింద ఖాళీ వదలడం మేలు. ఒక ఎకరం మీటరు ఎత్తు నింపితే 4 వేల ఘనపు మీటర్ల నీరు నిలిచే చోటు పోతుంది, ఆ నీరు పక్కింటికి పోతుంది, వచ్చే ఏడు వాళ్ళూ నింపితే మళ్ళీ మీకే.

సంపు సంగతి విడిగా చెప్పాలి, చాలామంది మేస్త్రీలు దీన్ని నమ్మరు. లోపలి కొలత 3 మీటర్ల పొడవు, 2 వెడల్పు, 2 లోతు, చుట్టూ పైనా కిందా 15 సెం.మీ. కాంక్రీటు ఉన్న సంపు బరువు సుమారు 13.6 టన్నులు. భూగర్భజలం నేల దాకా వచ్చినప్పుడు దాన్ని పైకి నెట్టే బలం 17.5 టన్నులు. ఖాళీగా ఉంటే పడవలా లేస్తుంది, పైపులు తెగుతాయి. అడుగు స్లాబును చుట్టూ 30 సెం.మీ. బయటికి పొడిగించి దాని మీద మట్టి కూర్చోబెడితే ఆ బరువు పట్టి ఉంచుతుంది. వానాకాలంలో సంపు కడగడానికి ఖాళీ చెయ్యొద్దు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సిన వరస: ముందు లెవెల్స్, గొయ్యి, చెరువు ఐడీ పటం. ఈ మూడూ వారం రోజుల పని. ప్లాటు నేల అలుగు అంచు కన్నా కనీసం మీటరు పైన ఉంటే, అలుగు, కింది నాలా తెరిచి ఉంటే, అప్పుడు సమాచార హక్కు దరఖాస్తు వేసి జవాబు వచ్చేదాకా ఆగండి. అమ్మేవాళ్ళు ఆగలేమంటే బయానా చిన్నది ఇచ్చి, అగ్రిమెంట్‌లో రెండు వాక్యాలు రాయించండి: తుది నోటిఫికేషన్‌లో ప్లాటు ఏ కొంచెమైనా ఎఫ్‌టీఎల్‌లో గానీ బఫర్‌లో గానీ పడితే బయానా మొత్తం ఇన్ని రోజుల్లో వాపసు, ఎన్‌ఓసీ నకలు ఆఫీసు రికార్డుతో సరిపోలకపోయినా అంతే. ఆ రెండు వాక్యాలు రాయడానికి ఒప్పుకోకపోతే ఆ స్థలం గురించి మీకు తెలియంది వాళ్ళకేదో తెలుసు.